కింది దవడ బ్లాక్ పడనప్పుడు సూది మొన ఎక్కడ ఆగింది?

ప్రశ్న: ఓరల్ సర్జరీ పోస్టింగ్‌లో హౌస్ సర్జన్‌ని. కింది పళ్లకు బ్లాక్ (నరం దగ్గర వేసే మత్తు ఇంజెక్షన్) ఇస్తుంటే కొందరికి నాలుక మొద్దుబారుతోంది, పెదవికి ఏమీ అవట్లేదు. ఒకరికి పెదవి పూర్తిగా మొద్దుబారాక కూడా మొదటి మోలార్ (పెద్ద దవడపన్ను) తీస్తుంటే నొప్పి అన్నారు. ఇంకొకరు పన్ను తీయించుకున్న మూడో రోజున వచ్చారు, నోట్లో ఒక వేలు కూడా పట్టట్లేదు. మరొకరికి ఇంజెక్షన్ అయిన కాసేపటికే ఆ వైపు కన్ను మూతపడలేదు. కండరాలు, నరాలు, ధమనులు అన్నీ చదివాను, పరీక్షలో బొమ్మ గీసి రాశాను. నోట్లోకి వచ్చేసరికి ఆ చదివింది పనికిరావట్లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

సమాధానం:

మీరు చెప్పిన నాలుగూ వేర్వేరు సమస్యలు కావు. నాలుగింటికీ మూలం టెరిగోమాండిబ్యులర్ స్పేస్ అనే ఒక చిన్న చోటు. దాన్ని గుర్తుల జాబితాలా బట్టీ పట్టకుండా, గోడలూ పైకప్పూ ఉన్న గదిలా ఊహించుకోండి. అప్పుడు మందు పనిచేయని ప్రతిసారీ సూది మొన ఏ గోడ దగ్గర ఆగిందో రోగి లక్షణాలే మీకు చెబుతాయి.

ఈ గదికి బయటి గోడ ఎముకే, అంటే రేమస్ (కింది దవడ వెనక నిలువుగా లేచే పలక) లోపలి ముఖం. లోపలి గోడ మీడియల్ టెరిగాయిడ్ కండరం. పైకప్పు లేటరల్ టెరిగాయిడ్. వెనక పారోటిడ్ అనే లాలాజల గ్రంథి ఉంటుంది. ముందు గోడ, అంటే మీరు సూది దించే చోటు, బక్సినేటర్, సుపీరియర్ కన్‌స్ట్రిక్టర్ కండరాలు కలుసుకునే టెరిగోమాండిబ్యులర్ రాఫే. రోగి చేత నోరు బాగా తెరిపిస్తే పై దవడ చివరి పన్ను వెనక నుంచి కిందికి బిగుసుకుని కనిపించే మడత అదే. నోరు సగం తెరిస్తే ఈ మడత వదులుగా ఉండి చోటు తెలియదు. అందుకే "ఇంకొంచెం తెరవండి" అని అడగడానికి మొహమాటపడకండి.

గది లోపల ముందు నుంచి వెనక్కి సాధారణంగా ఇదీ వరస: మొదట లింగ్వల్ నరం (నాలుకకు స్పర్శ ఇచ్చేది), దాని వెనక కాస్త బయటికి ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరం (కింది పళ్లకు, పెదవికి స్పర్శ ఇచ్చేది), ఆ వెనక అదే పేరున్న ధమని, సిర. ఈ వరస మనసులో ఉంటే సగం చిక్కులు విడిపోతాయి. లింగ్వల్ నరం ముందుగా, లోపలి వైపుగా, పైపైన ఉంటుంది కాబట్టి ఎవరి సూదికైనా ముందు అదే దొరుకుతుంది. మనకు కావాల్సిన నరం ఎముకకు దగ్గరగా ఉంటుంది, మాండిబ్యులర్ ఫోరామెన్ అనే ఎముక రంధ్రంలోకి దిగబోతూ. ఫోరామెన్ ముందు లింగ్యులా అనే ఎముక మొన ఉంది. పుర్రె అడుగున ఉన్న స్ఫీనాయిడ్ ఎముక ముల్లు (స్పైన్) నుంచి స్ఫీనోమాండిబ్యులర్ లిగమెంట్ వచ్చి దాని మీదే అతుక్కుంటుంది. నరం ఈ లిగమెంట్‌కు బయటి వైపున, ఎముకకూ లిగమెంట్‌కూ మధ్య ఉంటుంది. మందు లిగమెంట్‌కు లోపలి వైపు పడితే లిగమెంటే అడ్డుగోడ అవుతుంది. ఎంత పోసినా నరానికి సరిగా చేరదు.

ఇక మీ మొదటి ప్రశ్న. నాలుక మొద్దుబారి పెదవి మామూలుగా ఉందంటే మందు లింగ్వల్ నరం దగ్గర పడింది, ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరం దాకా వెళ్లలేదు. దీనికి మూడు కారణాలు ఉంటాయి. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది సూది కిందికి దిగడం. ఫోరామెన్ కంటే కింద మందు వేస్తే నరం అప్పటికే ఎముక లోపలికి వెళ్లిపోయి ఉంటుంది, మందు ఎముక బయటే మిగులుతుంది. రెండోది ఎముక తగలకుండానే లోపలి వైపు మందు వదిలేయడం. మూడోది సూది చాలా ముందుగా ఎముకకు తగిలితే, అదే సరైన చోటు అనుకుని అక్కడే వేయడం.

ఎత్తు సరిగ్గా పట్టుకోవడానికి బొటనవేలు ఉంది. చూపుడు వేలు చెవి కింద రేమస్ వెనక అంచుకు బయటి నుంచి ఆన్చండి. బొటనవేలిని నోట్లో రేమస్ ముందు అంచు మీద జరుపుతూ పోతే ఒకచోట లోతుగా గుంటలా తగులుతుంది. అది కొరొనాయిడ్ నాచ్. ఇంజెక్షన్ ఎత్తు అదే, కింది మోలార్ల నమిలే తలానికి 6 నుంచి 10 మిల్లీమీటర్లు పైన. రేమస్ వెడల్పు ఇప్పుడు మీ రెండు వేళ్ల మధ్య ఉంది. లింగ్యులా దాదాపు దాని మధ్యలో ఉంటుంది. ఈ పట్టు ఒక్కటి అలవాటైతే సూది ఎంత లోతు దిగాలో కళ్లతో కాక చేతితోనే తెలుస్తుంది. రాఫే వైపు చూసుకుంటే, నాచ్ నుంచి రాఫే లోతైన చోటు వరకు ఉన్న దూరంలో నాలుగింట మూడు వంతులు దాటిన చోట సూది దించాలి. సిరంజి బ్యారెల్ (గొట్టం) అవతలి వైపు ప్రీమోలార్ల (కోరపన్ను వెనకున్న చిన్న దవడపళ్లు) మీద ఉండాలి, నమిలే తలానికి సమాంతరంగా.

పెద్దవాళ్లలో 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతున ఎముక తగులుతుంది. ఇక్కడ సూది గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. 2 మిల్లీలీటర్ల డిస్పోజబుల్ సిరంజికి అంగుళం సూది బిగించి బ్లాక్ ఇవ్వడం చాలాచోట్ల అలవాటు. అంగుళమంటే 25 మిల్లీమీటర్లు. అంటే సూది హబ్ (సిరంజికి బిగించే మొదలు) వరకు కణజాలంలోకి దిగిపోవాలి. సూదులు విరిగేది ఎక్కువగా హబ్ దగ్గరే. రోగి తల ఒక్కసారి విదిలిస్తే విరిగిన ముక్కను పట్టుకోవడానికి బయట ఏమీ మిగలదు. అంగుళంన్నర సూది, 25 లేదా 26 గేజ్, అడిగి తెప్పించుకోండి. 30 గేజ్ సన్నసూది కణజాలంలో వంగి దారి తప్పుతుంది, ఈ బ్లాక్‌కు వద్దు.

సూది సగం కూడా దిగకముందే ఎముక తగిలిందా? మీరు చాలా ముందున్నారు. అది రేమస్ లోపలి ముఖం మీద ముందువైపు ఉండే టెంపొరల్ క్రెస్ట్, టెంపొరాలిస్ టెండన్ అతుక్కునే గట్టు. అక్కడ వేస్తే నొప్పి ఎక్కువ, ఫలితం తక్కువ. సూదిని కొంచెం వెనక్కి లాగి, బ్యారెల్‌ను అవతలి కెనైన్ (కోరపన్ను) వైపు, అంటే నోటి ముందు వైపుకు తెచ్చి మళ్లీ దించండి. మొన వెనక్కి జరుగుతుంది. దీనికి వ్యతిరేకంగా, పూర్తి లోతుకు వెళ్లినా ఎముక తగలకపోతే మొన వెనక్కి, లోపలికి పోయింది. చాలావరకు బయటికి లాగి, బ్యారెల్‌ను అవతలి మోలార్ల వైపు జరిపి దించండి. ఎముక తగలకుండా మందు ఎప్పుడూ వేయకండి. ఎందుకో కన్ను సంగతి దగ్గర చెబుతాను.

ఎముక తగిలాక 1 మిల్లీమీటరు వెనక్కి లాగండి. ఎముక పొర కింద మందు పోతే చాలా నొప్పి. ఆస్పిరేట్ చేయండి, అంటే పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడండి. సిరంజిని కాస్త తిప్పి రెండోసారి కూడా చేయండి, ఎందుకంటే మొదటిసారి సూది వాలు రక్తనాళపు గోడకు అతుక్కుని రక్తం రాకపోవచ్చు. నోటి బ్లాకులన్నింటిలో ఆస్పిరేషన్‌లో రక్తం ఎక్కువగా కనిపించేది ఇందులోనే, 10 నుంచి 15 శాతం. నరం వెనకే ధమని, సిర ఉన్నాయని చెప్పుకున్న వరసకు అర్థం ఇదే. రక్తం వస్తే కొంచెం లాగి, చోటు మార్చి, మళ్లీ ఆస్పిరేట్ చేయాలి. తర్వాత 1.5 మిల్లీలీటర్లను కనీసం ఒక నిమిషం పట్టేలా నెమ్మదిగా వదలండి. సగం దాకా బయటికి లాగి 0.2 లింగ్వల్‌కు, మిగిలిన 0.3 చివరి మోలార్ వెనక చెంప మడతలో లాంగ్ బకల్ నరానికి (చెంప వైపు చిగురుకు స్పర్శ ఇచ్చేది). 2 మిల్లీలీటర్లూ ఇలా సరిపోతాయి. అందులో లిగ్నోకైన్ 2 శాతం చొప్పున 40 మిల్లీగ్రాములు. రెండోసారి, మూడోసారి ఇవ్వాల్సి వస్తే రోగి బరువును బట్టి మొత్తం మోతాదు లెక్క పెట్టుకోండి.

సూది దిగుతున్నప్పుడు రోగి కరెంటు కొట్టినట్టు ఉలిక్కిపడితే మొన నరాన్ని తాకింది. అక్కడ ఒక్క చుక్క కూడా వేయొద్దు. కొంచెం వెనక్కి వచ్చి, దిశ మార్చి వేయండి. కేస్ షీట్‌లో రాయండి. ఇది ఎక్కువగా జరిగేది లింగ్వల్ నరానికే. నోరు బాగా తెరిచినప్పుడు అది బిగుసుకుని ఉంటుంది, తప్పుకోలేదు.

మందు వేశాక 3 నుంచి 5 నిమిషాలు ఆగండి. "పెదవి లావెక్కినట్టుందా?" అని అడిగితే చాలామంది మర్యాదకు అవుననేస్తారు. దాని మీద ఆధారపడొద్దు. డెంటల్ ఎక్స్‌ప్లోరర్‌తో (పళ్లు చూసే మొనదేలిన పరికరం) ఆ వైపు కెనైన్ ముందున్న చిగురును గుచ్చి చూడండి, అవతలి వైపుతో పోల్చండి. పెదవి మధ్యగీత దాకా మొద్దుబారాలి. 5 నిమిషాలు దాటినా నాలుక మాత్రమే మొద్దుబారి ఉంటే అదే చోట మళ్లీ వేయకుండా మొదటిసారి కంటే 5 నుంచి 10 మిల్లీమీటర్లు పైన వేయండి.

రెండో ప్రశ్న: పెదవి పూర్తిగా మొద్దుబారింది, మోలార్ నొప్పి తగ్గలేదు. మీ బ్లాక్ పడింది. తప్పు వెతకాల్సింది వేరేచోట. ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరం ఫోరామెన్‌లోకి దిగకముందే నోటి అడుగున ఉండే మైలోహయాయిడ్ కండరానికి ఒక కొమ్మ ఇస్తుంది. అది ప్రధానంగా కండరాన్ని నడిపే నరమే అయినా, కొందరిలో దవడ లోపలి వైపు నుంచి ఎముకలోకి దూరి పళ్లకు స్పర్శ కూడా ఇస్తుంది, మొదటి మోలార్‌కు ముఖ్యంగా. అది మీ మందు పడిన చోటుకు పైనే విడిపోయి ఉంటే దానికి మందు తగలదు. పరిష్కారం సులువు. నొప్పి ఉన్న పన్నుకు వెనకున్న పన్ను వేరు మొన ఎత్తున, నాలుక వైపు 0.6 మిల్లీలీటర్లు వేస్తే చాలు. మొదటి మోలార్ అయితే రెండో మోలార్ దగ్గర. ఎముక లోపల నరం వెళ్లే కెనాల్ రెండుగా చీలి ఉన్న రోగి అయితే ఫోరామెన్ కంటే పైన వేసే బ్లాక్ కావాలి. పన్ను తీవ్రంగా వాచి గుంజుతున్నప్పుడు మాత్రం అనాటమీ అంతా సరిగ్గా ఉన్నా మందు సరిగా పనిచేయకపోవచ్చు. అది సూది తప్పు కాదు.

చెంప వైపు చిగురు నొప్పి వేరే లెక్క. లాంగ్ బకల్ నరం మాండిబ్యులర్ నరం ముందు విభాగం నుంచి వస్తుంది. ఆ విభాగంలో మిగతా కొమ్మలన్నీ కండరాలను నడిపేవి, స్పర్శకున్నది ఇదొక్కటే. మన బ్లాక్ దాన్ని తాకదు. ఇది బక్సినేటర్ గుండా వెళుతుంది కానీ ఆ కండరాన్ని కదిలించదు. బక్సినేటర్‌ను కదిలించేది ముఖ కండరాలను నడిపే ఫేషియల్ నరం. ఈ ఒక్క తేడా వైవాలో చాలామంది పొరబడతారు.

నోరు తెరుచుకోకపోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయపెట్టేదీ, నిర్లక్ష్యం చేస్తే ప్రమాదమయ్యేదీ ఇదే. నోరు మూసే కండరాలు మూడు: మాసెటర్, టెంపొరాలిస్, మీడియల్ టెరిగాయిడ్. మాసెటర్ రేమస్ బయటి వైపున, మీడియల్ టెరిగాయిడ్ లోపలి వైపున దవడ మూలను ఉయ్యాలలా పట్టుకుని ఉంటాయి. నాలుగోదైన లేటరల్ టెరిగాయిడ్ కాండైల్ (దవడ కీలు దగ్గరి గుండ్రని తల) మెడకు అతుక్కుని దవడను ముందుకు లాగి తెరుస్తుంది. బ్లాక్ సూది కిందికీ లోపలికీ తప్పినప్పుడు గుచ్చుకునేది మీడియల్ టెరిగాయిడ్. కండరంలో చిన్న రక్తస్రావం, లిగ్నోకైన్ వల్ల కండరపు పోగులకు కలిగే చికాకు, ఒకే చోట పదేపదే గుచ్చడం, ఇవన్నీ కలిసి 2 నుంచి 5 రోజుల్లో కండరం బిగుసుకుంటుంది. జ్ఞానదంతం తీసినప్పుడు వెనక చిగురును లేపితే టెంపొరాలిస్ టెండన్ కూడా దెబ్బతింటుంది. అప్పుడు బిగుసుకునేది అది.

ముందుగా కొలవండి. పై, కింది ముందు పళ్ల అంచుల మధ్య మామూలుగా 35 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. అంకె రాసిపెట్టండి, ప్రతిసారీ అదే చోట కొలవండి. తర్వాత గ్లవ్ వేలితో రేమస్ లోపలి వైపు తడిమి చూడండి. అక్కడ నొక్కితే నొప్పి ఉండి బయట మాసెటర్ మీద లేకపోతే మీడియల్ టెరిగాయిడే. జ్వరం లేదు, మింగడం బాగానే ఉంది అంటే చికిత్స ఇంట్లోనే: వేడి తడిగుడ్డ గంటకోసారి 20 నిమిషాలు, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలి, రోగికి పడే నొప్పిమాత్ర. అన్నింటికంటే ముఖ్యం వ్యాయామం. ప్రతి 3, 4 గంటలకు 5 నిమిషాలు నోరు తెరిచి మూయడం, దవడను పక్కలకు కదపడం. నొప్పి అని కదపడం మానేస్తే బిగుతు పెరుగుతుంది. 2, 3 రోజుల్లో తేడా కనిపించాలి. పూర్తిగా తగ్గడానికి వారాలు పట్టవచ్చని ముందే చెప్పండి.

48 గంటలు దాటినా నొప్పి తగ్గకపోయినా, జ్వరం ఉన్నా ఆ గదిలో చీము చేరిందేమో అనుమానించాలి. ఇక్కడే అనాటమీ మోసం చేస్తుంది. బయట రేమస్, లోపల కండరం ఉండటంతో ముఖం మీద వాపు దాదాపు కనిపించదు. వాపు లేదు కదా అని పంపేస్తారు. రోగి నోరు తెరవలేడు, మింగుతుంటే నొప్పి, గొంతు వైపు లోపల ఎర్రగా ఉబ్బుతుంది. ఈ గదికి లోపలి వైపు, వెనకగా, గొంతు పక్కన లేటరల్ ఫారింజియల్ స్పేస్ ఉంది. చీము అటు పాకితే ఊపిరి దారికే ముప్పు. లాలాజలం మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా అవుట్ పేషెంట్ కుర్చీలో ప్రయోగాలు చేయకుండా వెంటనే శ్వాసమార్గం చూసుకోగల ఆసుపత్రికి పంపండి.

బయటి నుంచి కోత పెట్టాల్సి వస్తే దవడ కింది అంచుకు 1.5 నుంచి 2 సెంటీమీటర్ల కింద పెడతారు. కారణం ఫేషియల్ నరపు మార్జినల్ మాండిబ్యులర్ కొమ్మ, కింది పెదవిని కిందికి లాగేది. డింగ్‌మన్, గ్రాబ్ 1962లో ప్రచురించిన పరిశీలనలో ఫేషియల్ ధమనికి వెనక భాగంలో ఈ కొమ్మ 81 శాతంలో దవడ అంచుకు పైనే ఉంది, 19 శాతంలో అంచు కిందికి 1 సెంటీమీటర్ దాకా దిగింది. ఫేషియల్ ధమనిని మీరు ఇప్పుడే తాకి చూడొచ్చు: పళ్లు బిగించండి, మాసెటర్ ముందు అంచు దవడ కింది అంచును కలిసే చోట వేలు పెడితే నాడి కొట్టుకుంటుంది.

గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లలో నోరు తెరుచుకోకపోతే అది వేరే సంగతి. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే, నోటి లోపలి పొర గట్టిపడే జబ్బులో రాఫే తాడులా గట్టిపడుతుంది, చెంప లోపల తెల్లబడుతుంది, సూది దిగడమే కష్టం. అది కండరం బిగుతు కాదు కాబట్టి వేడి కాపడంతో, కండరాల మాత్రలతో కరగదు. నోరు అసలు తెరవలేని రోగికి బ్లాక్ కావాలంటే వజిరానీ-అకినోసి పద్ధతి ఉంది: పళ్లు మూసే ఉంచి, పై మోలార్ల చిగురూ మెత్తని పొరా కలిసే గీత ఎత్తున, రేమస్‌కూ పై దవడకూ మధ్య నుంచి 25 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్లాలి. ఇందులో ఎముక తగలదు, కాబట్టి లోతు దాటకుండా చూసుకోవాలి. కండరాలను నడిపే నరాలకూ మందు తగులుతుంది. కాబట్టి మందు ఎక్కాక నోరు తెరుచుకుంటే కారణం కండరం బిగుతు, తెరుచుకోకపోతే ఫైబ్రోసిస్ లేదా కీలు.

నోరు తెరవగలిగే రోగిలో మామూలు బ్లాక్ రెండుసార్లు తప్పితే గౌ-గేట్స్ అనే బ్లాక్ మంచిది. 1973 నాటి పద్ధతి. లక్ష్యం కాండైల్ మెడ, లేటరల్ టెరిగాయిడ్ అతుక్కునే చోటికి కాస్త కింద. నరం కొమ్మలు విడిపోకముందే పట్టుకుంటాం కాబట్టి మైలోహయాయిడ్, చాలామందిలో లాంగ్ బకల్ కూడా ఇందులోనే వస్తాయి. మందు ఎక్కడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది, అంతసేపూ ఓపిక పట్టాలి.

కన్ను సంగతి. మొన వెనక గోడ దాటి పారోటిడ్ పొరలోకి వెళ్లింది. ఫేషియల్ నరం ఆ గ్రంథి లోపలే కొమ్మలుగా విడిపోతుంది. అక్కడ మందు పడితే నిమిషాల్లో నుదురు ముడత పడదు, కన్ను మూతపడదు, మూతి అవతలికి లాగుతుంది. కోరుకున్న పెదవి మాత్రం మొద్దుబారదు. ఎముక తగలకుండా మందు వేయొద్దని చెప్పింది ఇందుకే. చేతులు, కాళ్లు, మాట మామూలుగా ఉన్నాయో చూసుకోండి, పక్షవాతం కాదని రోగికి కూర్చోబెట్టి చెప్పండి. మందు ప్రభావం తగ్గాక, కొన్ని గంటల్లో, తిరిగి వస్తుంది. అప్పటిదాకా కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీయించి, కన్నీటి చుక్కలు వేసి, కంటిని మూసి మెత్త అతికించండి. ఆ రోజుకు ఆ వైపు పని ఆపేయండి. గంటల తర్వాతో, మరునాడో మొదలైన బలహీనత మాత్రం మందు వల్ల కాదు, దాన్ని వెంటనే నిపుణులకు చూపించాలి.

చిన్నపిల్లల్లో ఫోరామెన్ కిందికి, నమిలే తలం ఎత్తులోనో ఇంకా కిందనో ఉంటుంది. పెద్దవాళ్ల ఎత్తున వేస్తే పైకి పోతుంది. లోతు కూడా తక్కువ, 15 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మొద్దు పోయేదాకా ఏమీ తినిపించొద్దని, పెదవి కొరుక్కోకుండా కాచుకోమని తల్లికి చెప్పి పంపండి. పళ్లు లేని వృద్ధుల్లో దీనికి ఎదురు సమస్య: ఎముక అరిగి చిగురు గట్టు కిందికి దిగిపోతుంది, దాన్ని చూసి ఎత్తు అంచనా వేస్తే సూది కిందికే పోతుంది. అక్కడ కొరొనాయిడ్ నాచ్ మీద బొటనవేలొక్కటే నమ్మకం.

ఇదంతా చేతికి రావాలంటే అనాటమీ డిపార్ట్‌మెంట్ నుంచి ఎండిన కింది దవడ ఎముక ఒకటి అడిగి తెచ్చుకోండి. రేమస్‌ను రోగిని పట్టుకున్నట్టే బొటనవేలు, చూపుడు వేలి మధ్య పట్టుకుని, లింగ్యులా ఎక్కడ పడిందో చూడండి. కింద మూల దగ్గర లోపలి గరుకు మీడియల్ టెరిగాయిడ్‌ది, బయటి గరుకు మాసెటర్‌ది, కాండైల్ మెడ ముందున్న చిన్న గుంట లేటరల్ టెరిగాయిడ్‌ది. ఫోరామెన్ నుంచి కిందికి జారే సన్నని గాడి మైలోహయాయిడ్ నరం దారి. తర్వాత అంగుళంన్నర సూది బిగించిన సిరంజిని అవతలి ప్రీమోలార్ల మీద ఆన్చి లింగ్యులా పైన మొన తాకించండి. బ్యారెల్‌ను కెనైన్ మీదికి, మోలార్ల మీదికి జరిపి, మొన ప్రతిసారీ ఎటు కదులుతుందో గమనించండి. రెండు వైపులా చేయండి, ఎడమ వైపు చాలామందికి తడబాటు ఎక్కువ.